వెనకాల ఉన్న ఆ చిన్న బటన్: ఆరేళ్లు వాడిన మదర్‌బోర్డు

ఇది 2019 దసరా తర్వాత కొన్న బోర్డు. బీ450 చిప్‌సెట్, ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు). మిగతా లెక్కలు డబ్బా మీదే ఉంటాయి కాబట్టి రాయను. కంపెనీ పేరు కూడా చెప్పను. నేను రాయాలనుకున్నది బోర్డు వెనకాల, యూఎస్‌బీ పోర్టుల పక్కన దిష్టిచుక్కలా ఉండే ఒక బటన్ గురించి. దాన్ని ఒక కంపెనీ బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, ఇంకొకటి క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటుంది. పేరేదైనా పని ఒకటే: కంప్యూటర్ ఆన్ అవగానే ముందుగా నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్‌ని బోర్డులోకి ఎక్కించడం.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఇల్లు విశాఖ పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గర్లో. నాకు నాలుగు హార్డ్ డిస్కులు పెట్టుకోవాలి, అందుకని వాటిని తగిలించే సాటా పోర్టులు ఆరు ఉన్న బోర్డు అడిగాను. రూ. 10 వేల పైచిలుకు అయింది. షాపు కుర్రాడు ఆ బటన్ చూపించి, "ప్రాసెసర్ లేకపోయినా దీంతో బయోస్ ఎక్కించుకోవచ్చు సార్" అన్నాడు. పెళ్లికూతురు లేకుండా పెళ్లి ఫొటోలు తీసినట్టు ఇదేం గొప్ప అనుకున్నాను. ఈ బటన్ లేని బోర్డు కొంచెం తక్కువకే వచ్చేది. దాంట్లో సాటా పోర్టులు నాలుగే ఉన్నాయని వదిలేశాను తప్ప, నా ముందుచూపేమీ లేదు.

2023 వేసవికి నా ప్రాసెసర్ రైజెన్ 5 2600 నా పనికి చాలట్లేదు. కెమెరాలు మారాయి, వాటి రా ఫైళ్లు (కుదించని అసలు ఫొటోలు) బరువెక్కాయి. ఒక్కో ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి భోజనం చేసి వచ్చినా ఇంకా నడుస్తూనే ఉండేది. కొత్త ఏఎం5 బోర్డుకి వెళ్దామంటే అది డీడీఆర్5 ర్యామ్ తప్ప తీసుకోదు. అంటే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ కొనాలి. స్నేహితుడొకడు ఇంటెల్ వైపు దెబ్బ తిన్నాడు. పాత బోర్డులో ఎనిమిదో తరం ప్రాసెసర్ పెడదామని తెచ్చుకుంటే, సాకెట్ పేరు అదే ఎల్‌జీఏ 1151, సరిగ్గా కూర్చుంది కూడా, కానీ పని చేయలేదు. ఏఎం4లో ఆ బాధ తక్కువ. బయోస్ ఒక్కటి కొత్తది ఎక్కిస్తే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 నా 2019 బోర్డులోనే పడుతుంది. బోర్డు మార్చడం కన్నా బోర్డు మార్చకపోవడమే మంచి అప్‌గ్రేడ్ అని లెక్క తేలింది. ప్రాసెసర్ తెప్పించాను.

పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ మెనూలోంచి అప్‌డేట్ మొదలుపెట్టాను. మే నెల, రాత్రి తొమ్మిదిన్నర. స్క్రీన్ మీద గీత సగం దాటింది. అంతలో ఈదురుగాలి లేచింది, కరెంటు పోయింది. యూపీఎస్ ఉందిగా అని ధీమాగానే ఉన్నాను. దాని బ్యాటరీ మూడేళ్లది. రెండుసార్లు కూసి ఆగిపోయింది.

కరెంటు వచ్చాక పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. డిస్‌ప్లే లేదు. బోర్డు మూల సీపీయూ అని రాసున్న చోట ఎర్ర లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. ర్యామ్ తీసి పెట్టాను, బోర్డు మీది బ్యాటరీ తీసి పెట్టాను, దేవుడికి దణ్ణం కూడా పెట్టాను. నాలుగు రోజుల్లో ఒక ఆల్బమ్ ప్రింటుకి వెళ్లాలి. ఆ రాత్రి నిద్ర లేదు.

పొద్దున్నే క్యాబినెట్ ఆటోలో వేసుకుని ద్వారకానగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్లాను. ఐదు నిమిషాల్లో తేల్చేశారు. "బోర్డు డెడ్ సార్. ఇది ఇప్పుడు కొత్తది దొరకదు. కాంబో తీసుకోండి." కాంబో అంటే నేను తప్పించుకుందామనుకున్న ఆ మూడే. బయోస్ చిప్‌ని ప్రోగ్రామర్ అనే పరికరంతో మళ్లీ రాయొచ్చని తర్వాత తెలిసింది. ఆ మాట ఆ రోజు అక్కడ ఎవరూ అనలేదు. సీల్ తీయని 5600 డబ్బా ఇంట్లో ఉందని చెబితే, "అది వాపస్ చేసేయండి" అన్నారు.

క్యాబినెట్ తిరిగి తెచ్చి హాల్లో పడేశాను. మధ్యాహ్నం మా మేనల్లుడు మామిడిపళ్లు ఇవ్వడానికి వచ్చాడు. క్యాబినెట్ చుట్టూ ఒకసారి తిరిగి, "మావయ్యా, వెనకాల ఈ బటన్ ఏటి?" అన్నాడు. నాలుగేళ్లలో ఆ బటన్ నాకు గుర్తొచ్చింది అప్పుడే.

అటక మీద డబ్బా దింపి మాన్యువల్ తీశాం. కంపెనీ సైట్‌లోంచి బయోస్ ఫైలు దింపుకుని, వాళ్లు చెప్పిన పేరు పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి, బోర్డు మీద గుర్తు వేసి ఉన్న ఒకే ఒక యూఎస్‌బీ పోర్టులో గుచ్చి బటన్ నొక్కాలి. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై) నుంచి కరెంటు అందితే చాలు. ప్రాసెసర్, ర్యామ్ ఏవీ అక్కర్లేదు, ఎందుకంటే రాసే పని వేరే చిన్న చిప్ చూసుకుంటుంది. మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ఫైలు దింపాం. మొదట నా 64 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టాం. లైటు మూడుసార్లు మిణుకుమని ఆగిపోయింది. అది ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, బోర్డుకి కావాల్సింది ఫ్యాట్32 పద్ధతి. విండోస్ మామూలు ఫార్మాట్‌లో 32 జీబీ దాటిన వాటికి ఫ్యాట్32 చూపించదు.

చిన్న పెన్‌డ్రైవ్ కోసం సొరుగులన్నీ వెతికితే ఒకటి దొరికింది. పెళ్లివాళ్లకి ఫొటోలు వేసి ఇవ్వడానికి పేర్లు అచ్చు వేయించే రకం, 8 జీబీ. పెళ్లికూతురి పేరులో ఒక అక్షరం తప్పు పడిందని పక్కన పడేసింది. ఫార్మాట్ చేసి పెడితే మళ్లీ అదే, మిణుకుమని ఆగిపోయింది. ఇక కాంబోకే వెళ్లాలేమో అనుకుంటుంటే మేనల్లుడు ఫోల్డర్ సెట్టింగుల్లో ఏదో నొక్కి నవ్వాడు. విండోస్ ఫైలు పేరు చివరి ముక్క దాచేస్తుంది కదా. మేం పేరు మార్చినప్పుడు ఆ ముక్క రెండుసార్లు పడింది. పైకి సరిగ్గానే కనిపిస్తోంది, లోపల పేరు వేరు. అది తుడిచి మూడోసారి బటన్ నొక్కాం.

ఈసారి లైటు ఆగలేదు. ఐదారు నిమిషాలు ఒకే లయలో మిణుకుమంటూనే ఉంది. మళ్లీ కరెంటు పోతే ఎలా అని నాకు టెన్షన్. "పోతే మళ్లీ నొక్కుదాం" అన్నాడు వాడు. అప్పుడర్థమైంది ఈ బటన్ విలువ. లైటు ఆరాక పాత ప్రాసెసర్ తీసి 5600 పెట్టాం. మొదటిసారి డిస్‌ప్లే రావడానికి నిమిషం పైనే పట్టింది, ఆ నిమిషం గడవడం నాకే తెలుసు. కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం (రహస్య కీలు దాచే భాగం) రీసెట్ చేయాలా అని అడిగితే ఆలోచించకుండా వై నొక్కేశాను. నాకు బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకి వేసే తాళం, లేదు కాబట్టి సరిపోయింది. మీకు ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. ఆల్బమ్ టైముకి ప్రింటుకి వెళ్లింది.

ఆ వారం కనిపించిన ప్రతివాడికీ ఈ బోర్డు గురించి చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. బయోస్ మారితే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేయడం మర్చిపోయి, 3000 వేగం ర్యామ్‌ని రెండు నెలలు 2133 మీద నడుపుతూ కొత్త ప్రాసెసర్ భలే ఉందని మురిసిపోయాను. నేను ఆరు సాటా పోర్టులని కొన్నాను గానీ, బోర్డు మీదే నేరుగా బిగించే ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెట్టాక వాటిలో రెండు ఆగిపోయాయి. అది మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. నాకు నాలుగే కావాలి కాబట్టి గొడవ లేదు. ఐదో డిస్కు కొంటే మాత్రం తిప్పలే. గడియారం బ్యాటరీ, అదే సీఆర్2032, గ్రాఫిక్స్ కార్డు కిందుంది. నిరుడు అది అయిపోయినప్పుడు కార్డు పీకితే గానీ చెయ్యి పట్టలేదు.

ఇక ఉప్పుగాలి. వెనక పోర్టుల అంచులు తుప్పు పట్టాయి, స్క్రూలు ఎర్రబడ్డాయి. నా ముద్దుల బటన్ కూడా నొక్కితే పైకి రావడానికి కాస్త ఆలోచిస్తోంది. ఇందులో బోర్డు తప్పెంతో, నేను కిటికీ పక్కన పెట్టిన తప్పెంతో చెప్పలేను. సముద్రానికి కాస్త దూరంగా మధురవాడలో ఉండే మా తమ్ముడి బోర్డు కూడా దాదాపు అంతే పాతది, దానికి ఇంత తుప్పు లేదు.

ఇప్పుడు బోర్డు ఎంచుకునేవాళ్లు నన్నడిగితే ఆ బటన్ ఉందో లేదో చూడమంటాను. కానీ ఒకసారి బిగించి పదేళ్లు ముట్టుకోనివాళ్లకి అది నిజంగానే దిష్టిచుక్క, ఆ డబ్బు పెట్టి మంచి యూపీఎస్ బ్యాటరీ కొనుక్కోవచ్చు. నాలాగా అదే సాకెట్‌లో మళ్లీ ప్రాసెసర్ మార్చే ఉద్దేశం ఉన్నవాళ్లకైతే వేరే మాట. నేను మాత్రం యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చాను.

ఆ పెన్‌డ్రైవ్‌ని బయోస్ ఫైలుతో సహా క్యాబినెట్ లోపల టేపుతో అంటించి ఉంచాను. మొన్న దుమ్ము దులుపుతూ మా ఆవిడ చూసి, "ఎవరిదండీ ఇది, పాపం పేరు కూడా తప్పు పడింది" అంది. ఎవరిదైనా అక్కణ్ణించి తీయొద్దన్నాను.