యాంటీ స్టాటిక్ రిస్ట్ స్ట్రాప్: పట్టీ మంచిదే, వైరే నమ్మించి ముంచింది

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న ఈ స్ట్రాప్‌ను లాప్‌టాప్ బోర్డుల పనికి చాలా కాలంగా వాడుతున్నాను. పట్టీ మణికట్టుకు కట్టుకుంటే, ఒంట్లోని స్టాటిక్ చార్జి దాని వైరు గుండా ఎర్త్‌కు పోతుంది, బోర్డు మీది చిప్‌లకు తగలదు. పట్టీతో నాకు పేచీ లేదు. కోపమంతా దాని చుట్టల వైరు మీదే. తెగినా తెగినట్టు కనిపించదు.

ఇక్కడ సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఉగాది దాకా గాలి బాగా పొడిగా ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ ముట్టుకుంటే చాలు, చురుక్కుమంటుంది. ఆ చురుకు మనకు తెలియాలంటే దాదాపు 3000 వోల్టులు ఉండాలి. కొన్ని చిప్‌లు 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి. అందుకే ఆ రోజుల్లో స్ట్రాప్ లేకుండా బోర్డు ముట్టుకోను.

మొన్న ఫిబ్రవరిలో స్ట్రాప్ కట్టుకునే ఉన్నాను. సోల్డరింగ్ స్టేషన్ ఇనుప అంచు తగలగానే వేలికి చురుక్కుమంది. స్ట్రాప్ పనిచేస్తుంటే అలా జరగకూడదు. వెంటనే మల్టీమీటర్ తీసి ఒక ప్రోబ్ వైరును పట్టీకి తగిలించే బటన్ దగ్గర, ఇంకోటి రెండో కొసన ఎర్త్‌కు తగిలించే క్లిప్ దగ్గర పెట్టాను. లోపలి రెసిస్టర్ వల్ల సుమారు 1 మెగాఓమ్ చూపించాలి. ఏమీ చూపించలేదు. బటన్ పక్కన వైరు కాస్త వంచితే రీడింగ్ వచ్చింది, వదిలితే పోయింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపలి తీగ మాత్రం తెగిపోయింది. ఎప్పుడు తెగిందో దేవుడికే తెలియాలి.

స్టాటిక్ తగిలిన చిప్ అక్కడికక్కడే పోతే నయం. ఒక్కోసారి బలహీనపడి, కస్టమర్ ఇంటికి వెళ్లిన కొన్నాళ్లకు పోతుంది. అంతకుముందు నా దగ్గరికి తిరిగొచ్చిన బోర్డు ఒకటుంది. అది దీనివల్ల పోయిందో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ బాధ పోలేదు.

వైరు విడిగా దొరుకుతుంది. బటన్ సైజు చూసి కొనండి, 4 మిల్లీమీటర్లవీ 10 మిల్లీమీటర్లవీ ఉంటాయి. ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు మీటర్ పెట్టి చూడందే స్ట్రాప్ కట్టను.

పట్టీ మంచిదే అన్నాను కానీ, చెమటకు ఎలాస్టిక్ కాస్త వదులైంది. చలికాలంలో పొడి చర్మానికి సరిగా ఆనదు, మణికట్టు కాస్త తడి చేసుకోవాల్సి వస్తోంది. వైరే లేని స్ట్రాప్‌లు కూడా అమ్ముతున్నారు. ఒంట్లోని చార్జి నేలకు పోయే దారే లేనప్పుడు అవి ఊరికే ఇచ్చినా వద్దు.

ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉన్న ప్లగ్ దగ్గర, సాయంత్రాలు మాత్రమే పనిచేసే నాకు ఇది సరిపోతోంది. రోజంతా బోర్డులతోనే ఉండేవాళ్లయితే, కనెక్షన్ పోగానే బీప్ కొట్టే మానిటర్ ఉన్నది తీసుకోవడం మేలు. నాకొచ్చే పనికి ఆ ఖర్చు ఇంకా గిట్టుబాటు కాదు.