బీఎస్6 డీజిల్ సెడాన్ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? ముందు సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూడండి

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ డీజిల్ సెడాన్ కోసం తిరుగుతున్నవాళ్ళకి ముందుగా ఒక్క మాట. బండి 2020 ఏప్రిల్ తర్వాతదైతే, అంటే బీఎస్6 అనే పొగ నియమాల కింద వచ్చిందైతే, అడ్వాన్స్ ఇచ్చేముందే దాన్ని లిఫ్ట్ ఎక్కించి, కింద డీపీఎఫ్ ఉందో లేదో చూడండి. అదే, డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్. డబ్బా కనిపించినంత మాత్రాన ఉన్నట్టు కాదు. నాకు అంటగట్టిన బండిలో డబ్బా ఉంది, లోపల సరుకు లేదు.

అమ్మింది నగరానికి ఉత్తరం వైపున్న ఒక పెద్ద సెకండ్ హ్యాండ్ కార్ల షోరూమ్. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే పనిలో ఉన్నాను కాబట్టి పేరు రాయడం లేదు. కారు కంపెనీ పేరూ రాయను, ఇందులో తప్పు వాళ్ళది కాదు. 2021 మోడల్, 1.5 లీటర్ డీజిల్, మాన్యువల్ గేర్, సింగిల్ ఓనర్. "డాక్టర్ గారి బండి సార్, ఇల్లు, ఆస్పత్రి తప్ప ఎక్కడికీ తిప్పలేదు" అని సేల్స్ కుర్రాడు మహా గొప్పగా చెప్పాడు. బీఎస్6 డీజిల్ కొనేవాడు భయపడాల్సింది సరిగ్గా ఆ మాటకే. ఎందుకో తర్వాత చెప్తాను.

బండి మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది. పికప్ చూసి మా బావ కూడా మెచ్చుకున్నాడు. కొన్నాళ్ళకి వెనక బంపర్ మీద, సైలెన్సర్ పక్కన నల్లగా మసి పట్టడం మొదలైంది. కడిగితే పోతుంది, వారం తిరిగేసరికి మళ్ళీ ప్రత్యక్షం. సిగ్నల్ దగ్గర ఆగితే ఘాటైన పొగ వాసన. మీటర్‌లో మాత్రం ఒక్క లైటు వెలగదు. సర్వీస్ టైమ్ వచ్చింది కదా అని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను.

టెక్నీషియన్ స్కానర్ పెట్టి, ఇంజన్‌ని రేజ్ చేయించి, స్క్రీన్ నావైపు తిప్పాడు. ఫిల్టర్‌కి ముందూ వెనకా పొగ ఒత్తిడిలో తేడా ఎంతో చూపించే అంకె అది. ఎంత రేజ్ చేసినా కదల్లేదు. లిఫ్ట్ ఎక్కించాక టార్చ్ వేసి చూపించాడు. డబ్బాకి ఒకవైపు ఫ్యాక్టరీ అతుకు సన్నగా, తీరుగా ఉంది. రెండోవైపు ఎవరో చేత్తో పెట్టిన వెల్డింగ్, ముద్దలు ముద్దలుగా, దాని మీద సిల్వర్ పెయింట్. "సార్, ఇది ఉత్త డబ్బా. కోసి లోపలిది తీసేసి మళ్ళీ అతికించారు. లైటు రాకుండా ఈసీయూలో, అదే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో, సాఫ్ట్‌వేర్ కూడా మార్చేశారు" అన్నాడు. పొగకి అడ్డు లేకపోయేసరికి పికప్ పెరిగింది. మా బావ మెచ్చుకున్నది దాన్నే.

అక్కడే ఛాసిస్ నంబర్ కొట్టి పాత సర్వీస్ వివరాలు తీయించాను. షోరూమ్ వాళ్ళు నాకు వాట్సాప్‌లో పంపిన హిస్టరీ ఒక మామూలు సర్వీస్‌తో ఆగిపోయింది. కంప్యూటర్‌లో ఆ తర్వాత కూడా ఎంట్రీలు ఉన్నాయి. డీపీఎఫ్ లైటు వస్తోందని కంప్లయింట్, మెషిన్ పెట్టి ఫిల్టర్‌లోని మసిని కాల్పించడం, మళ్ళీ అదే కంప్లయింట్, చివరికి ఫిల్టర్ మార్చాలని ఎస్టిమేట్, ఓనర్ వద్దనడం. ఆపైన బండి ఆ సెంటర్ మొహం చూడలేదు. చివరి పేజీలు తీసేసి పంపడం పొరపాటున జరిగే పని కాదు.

ఫిల్టర్, సెన్సర్లు, ఒరిజినల్ సాఫ్ట్‌వేర్, లేబర్ అన్నీ కలిపి ఇప్పుడు నాకిచ్చిన ఎస్టిమేట్ లక్షన్నర దాటింది. షోరూమ్‌కి వెళ్ళి వాళ్ళిచ్చిన వారంటీ కాగితం ముందు పెడితే, "అది ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కి సార్. ఇది సైలెన్సర్ ఐటమ్" అన్నారు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని ఒక ఉచిత సలహా కూడా ఇచ్చారు. ఆ టెస్ట్‌లో చూసేది పొగ ఎంత చిక్కగా ఉందనే. ఫిల్టర్ ఉందా లేదా అని బండి కిందకి ఎవరూ తొంగి చూడరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. అలా మార్పించిన ఓనర్‌కి 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కోసింది ఎవరైనా, రేపు చెకింగ్‌లో పట్టుబడితే ఆర్సీ మీద పేరున్న నేనే జవాబు చెప్పుకోవాలి.

ఇక డాక్టర్ గారి బండి సంగతి. డీపీఎఫ్‌లో పేరుకున్న మసి కాలిపోవాలంటే అందులో వేడి దాదాపు 600 డిగ్రీలకి చేరాలి. అందుకోసం ఇంజన్ అదనంగా కొంత డీజిల్ చల్లుతుంది. ఔటర్ మీద 80లో ఒక అరగంట ఆగకుండా పోతే ఈ పని దానంతటదే అయిపోతుంది, నడిపేవాడికి తెలియను కూడా తెలియదు. నిజాంపేట నుంచి కేపీహెచ్‌బీ మీదుగా హైటెక్ సిటీ దాకా ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకే బండికి ఆ అవకాశమే దొరకదు. వేడెక్కడం మొదలయ్యేలోపే ఆఫీస్ వచ్చేస్తుంది, ఇంజన్ ఆపేస్తాం. సాయంత్రం మళ్ళీ మొదటి నుంచి. మసి కాలక ఫిల్టర్ మూసుకుపోతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ కొంత మెల్లగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పల్చబరుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉందనుకోండి, డీజిల్ వాసన కూడా వస్తోందనుకోండి, ఆ బండిని వదిలేయండి. తక్కువ తిరిగిన బండి మంచిదన్న లెక్క పెట్రోల్‌కి సరిపోతుంది. బీఎస్6 డీజిల్‌కి రోజూ కొంచెం కొంచెం సిటీలో తిరగడమే పెద్ద జబ్బు.

మనకి డీజిల్ మీద ఉన్న నమ్మకమంతా పాత బండ్లు సంపాదించి పెట్టింది. ఫియట్ నుంచి వచ్చిన 1.3 మల్టీజెట్ ఇంజన్ మారుతిలో, టాటాలో, ఫియట్‌లో లక్షల కిలోమీటర్లు తిరిగింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 రాకముందు మన సెడాన్లలో చాలావాటికి ఈ ఫిల్టర్ గొడవే లేదు. ఆటోనగర్ మెకానిక్ "డీజిల్ అయితే టెన్షన్ లేదు అన్నా" అంటే, ఆయన కళ్ళ ముందున్నది ఆ బండ్లు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, కానీ మీరు కొంటున్నది ఆ బండి కాదు.

కొత్తవాటిలో ఇప్పుడు ఈ సైజు సెడాన్‌కి డీజిల్ లేదు. హ్యుందాయ్ వెర్నాకి 2023లో కొత్త మోడల్ వచ్చినప్పుడు డీజిల్ తీసేశారు, హోండా సిటీలో కూడా అదే ఏడాది ఆగిపోయింది. స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్ మొదటి నుంచీ పెట్రోలే. అందుకే డీజిల్ కావాలనుకున్నవాళ్ళంతా సెకండ్ హ్యాండ్ మీద పడుతున్నారు, అమ్మేవాళ్ళు రేటు పెంచుతున్నారు. నేను తిరిగినప్పుడు అదే ఏడాది, అదే మోడల్ పెట్రోల్ బండి కన్నా డీజిల్‌కి లక్ష దాకా ఎక్కువ చెప్పారు.

ఆ లక్ష ఎప్పటికి తిరిగొస్తుంది? 2025లో ఇక్కడ పెట్రోల్ 107 పైచిలుకు, డీజిల్ 95 పైచిలుకు ఉంది. సిటీలో పెట్రోల్ సెడాన్ 12, డీజిల్ 16 ఇస్తుందనుకుంటే కిలోమీటర్‌కి ఒకదానికి 9 రూపాయలు, ఇంకోదానికి 6 రూపాయలు. నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగేవాడికి ఏడాదికి మిగిలేది 36,000. ఎక్కువ పెట్టిన లక్షే దాదాపు మూడేళ్ళు తింటుంది. మధ్యలో ఒక్కసారి ఫిల్టర్ బిల్లు పడిందంటే ఇంకో నాలుగేళ్ళ మిగులు గోవిందా. వారం వారం విజయవాడో వరంగలో పోయి వచ్చేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకి డీజిల్ ఇప్పటికీ మంచి బేరమే, ఫిల్టర్ కూడా హైవే మీద తనని తాను శుభ్రం చేసుకుంటుంది.

సిటీలోనే తిరిగేవాళ్ళకి నా ఓటు టర్బో లేని మామూలు 1.5 పెట్రోల్‌కి. హోండా సిటీలోని ఐ-వీటెక్, వెర్నాలోని 115 పీఎస్ ఎంపీఐ, మారుతి ఆపేసిన సియాజ్‌లోని కే15, అన్నీ ఈ కోవ ఇంజన్లే. టర్బో ఉండదు, డీపీఎఫ్ ఉండదు, పాడయ్యే ఖరీదైన భాగాలు తక్కువ. మైలేజ్ చూసి మురిసిపోయేదేమీ లేదు, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ఇంకాస్త తగ్గింది కూడా. అయినా నెల బడ్జెట్‌లో ఎంత పోతుందో ముందే తెలుస్తుంది. ఉన్నట్టుండి లక్ష రూపాయల బిల్లు పట్టుకుని ఎవరూ ఎదురురారు.

టర్బో పెట్రోల్ నడపడానికి సరదాగా ఉంటుంది, కాదనను. ఇంజన్ కన్నా గేర్‌బాక్స్ ఏదో చూసుకోవడం ముఖ్యం. వర్టస్, స్లావియాల్లో 1.0 టీఎస్ఐ టర్బో ఇంజన్‌కి వచ్చే ఆటోమేటిక్ టార్క్ కన్వర్టర్ రకం, 1.5 టీఎస్ఐకి వచ్చేది 7 స్పీడ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్. వెర్నా టర్బో ఆటోమేటిక్ కూడా అదే రకం, 7 స్పీడ్ డీసీటీ. ఈ రెండూ డ్రై క్లచ్‌లు, చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఏడింటికి అంగుళం అంగుళం జరుగుతుంటే క్లచ్ సగం పట్టి సగం వదిలి వేడెక్కుతుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే టెస్ట్ డ్రైవ్‌ని ఖాళీ రోడ్డు మీద ముగించొద్దు. ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్‌లో పెట్టి మెల్లగా పాకించండి, వణుకు తెలుస్తుంది. కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ మిగిలి లేని డ్రై క్లచ్ బండి జోలికి నేనైతే పోను. హోండా సిటీ హైబ్రిడ్ ట్రాఫిక్‌లో చక్కగా పనిచేస్తుంది, కానీ సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి తక్కువ. దొరికితే బ్యాటరీ వారంటీ ఎప్పటిదాకా ఉందో కాగితం మీద చూసుకోండి.

ఇవన్నీ చదివాక కూడా డీజిలే కావాలంటే, బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి. ముందు రోజే ఫోన్ చేసి నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల వేలు తిప్పండి. డీపీఎఫ్ బాగున్న బండి గొట్టం ఆశ్చర్యపోయేంత శుభ్రంగా ఉంటుంది. వేలికి కాటుకలా నల్లగా అంటిందా, అక్కడితో మాటలు ఆపేయండి. తెలివైనవాళ్ళు గొట్టం కడిగి పెడతారు కాబట్టి టెస్ట్ డ్రైవ్ అయ్యాక తెల్ల రుమాలు గొట్టం దగ్గర పట్టుకుని ఎవరిచేతనైనా రేజ్ చేయించండి. సర్వీస్ హిస్టరీ అమ్మేవాడి ఫోన్‌లో చూడొద్దు. ఛాసిస్ నంబర్‌తో కంపెనీ సెంటర్‌లో అడిగి, చివరి ఎంట్రీ ఎప్పటిదో, ఆ తర్వాత ఎన్నాళ్ళు ఖాళీ ఉందో చూడండి. అక్కడే డబ్బులిచ్చి స్కానింగ్ చేయించి, లిఫ్ట్ మీద వెల్డింగ్ ఉందేమో వెతకమనండి. "మా దగ్గరే చెకింగ్ అయింది సార్, బయటికి పంపం" అనే షోరూమ్‌కి ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.

షోరూమ్‌ని ఇంకోటి కూడా అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి సెకండ్ హ్యాండ్ బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న రూల్ వచ్చింది. ఓనర్ బండిని డీలర్‌కి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అమ్ముడయ్యేదాకా డీలరే ఓనర్ లెక్క. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. "మేం మధ్యవర్తులం మాత్రమే, పాత ఓనర్‌ని అడుక్కోండి" అని నాకు చెప్పినట్టు మీకు చెప్పకుండా ఉండాలంటే ఇన్వాయిస్ షోరూమ్ పేరు మీదే తీసుకోండి. డీపీఎఫ్ ఒరిజినల్, సాఫ్ట్‌వేర్ మార్చలేదు అని దాని మీదే రాయించుకోండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ముందు కంప్లయింట్ నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా కుదురుతుంది. బండికి 5 నుంచి 10 లక్షల మధ్య ఇచ్చి ఉంటే ఫీజు 200 రూపాయలే. సర్వీస్ సెంటర్ వాళ్ళతో జాబ్ కార్డ్ మీద ఏం కనిపించిందో రాయించి, స్టాంప్ వేయించి, వెల్డింగ్ ఫోటోలు తీసుకునేదాకా ఆ డబ్బాని ఎవరిచేతా ముట్టించొద్దు.