వెనక అట్ట మీద చివరి లైను

డివిడి చేతికి రాగానే నేను ముందువైపు చూడను. అక్కడ ఏముంటుందో తెలిసిందే: ఇద్దరు గుండు మనుషులు, నల్ల కోట్లు, ఒకడి చేతిలో తుపాకీ, మూలన ఎర్ర గుండ్రంలో 18. తిప్పి వెనక అట్ట అడుగున వెతుకుతాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అని ఉంటే కొంటాను, లేకపోతే మళ్లీ అరలో పెట్టేస్తాను. చవకరకం బ్రిటిష్ క్రైమ్ సినిమాల డిస్కులు 2012 నుంచి పోగేస్తున్నాను. ఇప్పటికి అరవై దాటాయి. బొమ్మ ఎంత శుభ్రంగా ఉంది, సినిమాతోపాటు ఎక్స్‌ట్రాలు ఏమిచ్చారు అనే లెక్కలు నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు. నా గోల అంతా ఆ ఒక్క లైను గురించే.

ఇంగ్లిష్ వచ్చుననే ధీమాతోనే ఇంగ్లండ్‌లో ఎసెక్స్ కౌంటీలోని చెల్మ్స్‌ఫర్డ్‌కి ఉద్యోగానికి వెళ్లాను. మీటింగుల్లో ఏ ఇబ్బందీ లేదు. ఒక శుక్రవారం సూపర్‌మార్కెట్‌లో పాలు, బ్రెడ్డుతోపాటు మూడు పౌండ్లకి ఒక గ్యాంగ్‌స్టర్ డివిడి కూడా బుట్టలో వేసుకున్నాను. ఇంటికొచ్చి పెడితే పది నిమిషాల్లో నా ధీమా దిగిపోయింది. ఎవడో ఎవడికో కోతి బాకీ ఉన్నాడు. ఆ కోతి ఎప్పుడు కనిపిస్తుందా అని సినిమా అంతా ఎదురుచూశాను, నిజంగానే. లండన్ దొంగల భాషలో ‘మంకీ’ అంటే 500 పౌండ్లు, ‘పోనీ’ అంటే 25 అని తర్వాత తెలిసింది. ‘బ్రౌన్ బ్రెడ్’ అంటే చచ్చాడని, ‘డెడ్’తో ప్రాస కోసం. ‘క్లారెట్’ అంటే నెత్తురు. ‘గ్రాస్’ అంటే పోలీసులకి ఉప్పందించేవాడు.

ఆ సినిమాలు ఎందుకు వదల్లేదంటే, మా ఊరి కథలు కాబట్టి. చెల్మ్స్‌ఫర్డ్ నుంచి సౌతెండ్ వైపు వెళ్తుంటే ఎ130 రోడ్డు పక్కన రెటెండన్ అనే పల్లె తగులుతుంది. 1995 డిసెంబరు 6 రాత్రి అక్కడి పొలం బాటలో రేంజ్ రోవర్‌లో కూర్చున్న ముగ్గురు మత్తుమందుల వ్యాపారుల్ని కాల్చేశారు. ఆ ఒక్క రాత్రి మీద ఎన్ని సినిమాలో! ‘ఎసెక్స్ బాయ్స్’ 2000లో, ‘రైజ్ ఆఫ్ ద ఫుట్‌సోల్జర్’ 2007లో, ‘బాండెడ్ బై బ్లడ్’ 2010లో, ‘ద ఫాల్ ఆఫ్ ది ఎసెక్స్ బాయ్స్’ 2013లో. ఫుట్‌సోల్జర్‌కైతే ఒకదాని తర్వాత ఒకటి భాగాలు వస్తూనే ఉన్నాయి. మన దగ్గర రామాయణం తీసినన్నిసార్లు వాళ్లు ఆ కారుని తీశారు. చివర ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి మాటలు సగం పోయినా కథ పోదు.

కథ తెలియనివాటితోనే చిక్కు. 2014లో నాలుగు సినిమాల పెట్టె ఒకటి కొన్నాను, ఎనిమిది పౌండ్లు. కంపెనీ పేరు చెప్పను. వెనక అట్ట మీద సబ్‌టైటిల్స్ అని స్పష్టంగా ఉంది. మొదటి డిస్కులో వచ్చాయి కూడా. రెండోది పెట్టి రిమోట్ మీద మీట నొక్కితే తెర మూలన కుదరదన్నట్టు అడ్డగీత వేసిన చెయ్యి బొమ్మ వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ చెయ్యి. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. సౌండు పెంచాను. పెంచితే తుపాకులు పెద్దగా వినిపించాయి తప్ప మాటలు కాదు. కాసేపటికి పక్క ఫ్లాటువాళ్లు గోడ మీద కొట్టారు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి రెండు నిమిషాలు నిలబడి, “వీళ్లు తిట్టుకుంటున్నారా, సంబంధం మాట్లాడుకుంటున్నారా?” అనడిగింది. నేనూ అదే ఆలోచిస్తున్నాను.

పట్టుదల పుట్టింది. కాగితం తీసుకుని, అర్థంకాని చోటల్లా ఆపి, చెవికి ఎలా వినిపిస్తే అలా తెలుగులో రాసుకున్నాను, పక్కనే నిమిషం, సెకను. ఇరవై మూడు ముక్కలొచ్చాయి. సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఎసెక్స్‌లోనే ఉన్న బాసిల్డన్‌లో పుట్టిపెరిగిన సహోద్యోగి ముందు కూర్చుని ఒక్కొక్కటే చదివాను. నా నోట్లోంచి ఆ యాస వస్తుంటే అతను శాండ్‌విచ్ పక్కన పెట్టి నవ్వాడు. పద్నాలుగు విప్పి చెప్పాడు. మిగతా తొమ్మిదీ అతనికీ తెలియవు. “నేను బాసిల్డన్‌లో పుట్టాను, వీడు స్క్రిప్టులో పుట్టాడు” అన్నాడు. కంపెనీకి మెయిల్ పెడితే రెండు వారాలకి జవాబొచ్చింది: అట్ట మీద అచ్చుతప్పు, చింతిస్తున్నాం. సీలు తీశాను కాబట్టి కొట్టువాడు వెనక్కి తీసుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు. అక్కడి డివిడి సామాన్యంగా దాన్ని 25 పెట్టి తిప్పుతుంది. నూరు నిమిషాల సినిమా తొంభై ఆరులో అయిపోతుంది, గొంతులు కాస్త కీచుగా వినిపిస్తాయి. అసలే బుల్లెట్లలా మాట్లాడే మనుషులు, దానికి ఈ తొందర తోడు. బ్లూరేలో సాధారణంగా ఆ బాధ ఉండదు.

ఇక సంతోషపెట్టినదాని గురించి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2009లో ఫ్లిప్‌సైడ్ అనే వరస మొదలుపెట్టారు. జనం మర్చిపోయిన బ్రిటిష్ సినిమాల్ని, వాటిలో చవకబారువి అన్నవాటిని కూడా, పద్ధతిగా డిస్కు మీదికి తెచ్చే పని. అందులో పీట్ వాకర్ తీసిన ‘మ్యాన్ ఆఫ్ వయొలెన్స్’ (1970), ‘ద బిగ్ స్విచ్’ (1968) కలిపిన డిస్కు నాకు సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. 8 ఎంఎం ఫిల్ము మీద అర్ధనగ్న గ్లామర్ రీళ్లతో మొదలుపెట్టి, సొంత డబ్బుతో సొంతంగా సినిమాలు తీసుకున్న మనిషి వాకర్. అలాంటివాడి సినిమాకి కూడా ఎవరో కూర్చుని, వినికిడి తగ్గినవాళ్ల కోసం ప్రతి మాటా రాశారు. మాటలే కాదు. ఫోను మోగితే మోగిందని, తలుపు పడితే పడిందని.

ఆ డిస్కుని నిజంగా వాడింది మా నాన్న. 2016 వేసవిలో మూడు నెలలుండటానికి వచ్చారు. విజయవాడ లోకో షెడ్డులో ముప్పై ఏళ్లు ఇంజన్ల హోరులో పనిచేసిన చెవులు. టీవీ వార్తలు కూడా పేపర్లోనే చూసుకుంటానంటారు. ఒకరోజు వాన, బయటికెళ్లే దారి లేదు. మాట్లాడకుండా ఈ డిస్కు పెట్టి కింద అక్షరాలు వేశాను. ఐదు నిమిషాల్లో కళ్లజోడు మార్చుకుని సోఫా అంచుకి జరిగారు. ‘మ్యాన్ ఆఫ్ వయొలెన్స్’లో మూన్ అనే హీరో రెండు ముఠాల మధ్య దూరి ఇద్దరినీ ఆడిస్తుంటే, “మన కృష్ణ గూఢచారి సినిమాల్లాగే ఉందిరా. అదే క్లబ్బు, అదే కారు, చేతిలో డబ్బుల్లేకపోయినా అదే షోకు” అన్నారు. ఈ రకం సినిమా అన్నాక బట్టల్లేని సీను రాక తప్పదు కదా. వచ్చింది. నేను రిమోట్ కోసం తడుముకుంటున్నాను. ఆయన తెర మీంచి కళ్లు తిప్పకుండా, “కింద మాటలేం రావట్లేదుగా, ముందుకు తిప్పు” అన్నారు, అంతే మామూలుగా. ఆ సాయంత్రమే రెండోదీ చూశాం. అందులో బ్రైటన్ అనే సముద్రతీరపు ఊరి చలికాలం చూసి శాలువా కప్పుకున్నారు.

అప్పట్లో దొరికినవాళ్లందరికీ ఆ డిస్కు గురించి చెప్పి కొనిపించాను. ఇప్పుడు నాలుగైదుసార్లు చూశాక కొంచెం తగ్గించి చెప్పాలి. సబ్‌టైటిల్స్ పుణ్యమా అని ప్రతి మాటా అర్థమయ్యాక తెలిసిందేమిటంటే, ఆ మాటల్లో పెద్ద విశేషం లేదు. వినబడనప్పుడే ఏదో గొప్ప గూడుపుఠాణీ నడుస్తున్నట్టుండేది. మధ్యలో ఎవరు ఎవరి మనిషో వాకర్‌కే గుర్తుందో లేదో. అదీగాక అక్షరాలు చదువుతూ కూర్చుంటే, వెనకున్న 1960ల నాటి వీధులు, కొట్ల బోర్డులు, కార్లు చూడటం కుదరదు. నిజానికి వాటి కోసమే మళ్లీ చూడాలి. అందుకే రెండోసారి అక్షరాలు తీసేసి చూస్తాను.

అన్నిటికీ సబ్‌టైటిల్స్ కావాలనీ అనను. 1960 నుంచి 1965 దాకా మెర్టన్ పార్క్ స్టూడియోలో తీసిన 47 ‘ఎడ్గార్ వాలెస్ మిస్టరీలు’ ఉన్నాయి, ఆ పేరున్న క్రైమ్ రచయిత కథల సినిమాలు, ఒక్కోటి ఇంచుమించు గంట. మొదట్లో పొగలో రచయిత బొమ్మ తిరుగుతుంటే గిటారు మోగుతుంది. అందులో హంతకుడు కూడా రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. పోలీసు ఇన్‌స్పెక్టరు టీ కావాలా అనడిగినా ఒక్క అక్షరం జారదు. అవి చూస్తున్నంతసేపూ నా ఇంగ్లిష్ మీద నాకు మళ్లీ గౌరవం పుట్టేది.

2019లో హైదరాబాద్ వచ్చేశాం. సూట్‌కేసులో బట్టలు తగ్గించి డిస్కులు తెచ్చాను. డివిడిల్ని దేశాల్ని బట్టి రీజియన్లుగా విడగొట్టారు, ఒకదానిది ఇంకోదాంట్లో ఆడదు. అక్కడి డివిడిలు రీజియన్ 2, మనది 5. లాప్‌టాప్ డ్రైవులో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తారు, నేను నాలుగు వాడేశాను. ఐదోది దాచుకున్నాను.

కాబట్టి సబ్‌టైటిల్స్ ఉన్న ఈ డిస్కులు కొనాలా అంటే, మీ చెవుల్ని బట్టి ఉంటుంది. అక్కడే పుట్టి పెరిగితే ఇదంతా మీకు నవ్వులాటగా ఉంటుంది. ఇక్కడి నుంచి తెప్పించుకోవాలంటే డిస్కు ఖరీదు కంటే పోస్టు ఖర్చెక్కువ. ఫోన్‌లో చూసుకునేవాళ్లకి ఎలాగూ ఏవో అక్షరాలు వస్తున్నాయి, తప్పో ఒప్పో. నాకు మాత్రం ఇంట్లో ఇంకో మనిషున్నారు. నాన్న ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు, మొన్న వినికిడి మిషను కూడా పెట్టించాం. దాన్ని తీసి టీపాయ్ మీద పెట్టి, “ఆ మూన్ గాడిది వెయ్యి, అక్షరాలతో” అంటారు.

ఆ నాలుగు సినిమాల పెట్టె ఇంకా ఉంది. మొదటి డిస్కు నేనుంచుకుని మిగతా మూడూ ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తాను. ఎసెక్స్ యాస వస్తే చాలు. ఆ తొమ్మిది ముక్కలు రాసిన కాగితం కూడా పెట్టెలోనే ఉంది.