స్కోరుబోర్డులో అట్టడుగు పేరు

ఐదుగురు ఒకవైపు, ఐదుగురు మరొకవైపు నిలిచి ఆడే ఒక తుపాకుల ఆటను, తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి మేడగదిలో కూర్చుని మూడేళ్లుగా ఆడుతున్నాను. ఆట ఎలా ఉంటుందో ఆడేవారందరికీ తెలుసు కనుక ఆ సంగతి వదిలేస్తాను. నా గోడు అంతా ప్రతి మ్యాచ్ చివర ఆ ఆట ఒక్కొక్కరికీ విడివిడిగా వేసే వ్యక్తిగత స్కోరు గురించే.

మొదటి ఏడాది ఆ స్కోరును మెచ్చుకున్నవారిలో నేనూ ఉన్నాను. జట్టు ఓడినా బాగా ఆడినవాడి ర్యాంకు తక్కువగా తగ్గుతుందని, తోటివాడు మధ్యలో వదిలి వెళ్లినా మన కష్టం లెక్కకు వస్తుందని చెప్పి చిత్తూరులో ఉన్న మా మేనల్లుడి చేత కూడా ఆట పెట్టించాను. అప్పట్లో నేను అందరికంటే ముందు దూకి కాల్చేవాణ్ని. ఆ మెప్పులో సగం అందువల్ల వచ్చినదేమో.

నలభై దాటాక చేతి వేగం తగ్గి, స్మోక్, అంటే పొగతెర, వేసి దారులు మూసే పాత్రకు మారాను. ఆ తర్వాత ఒక శనివారం రాత్రి, మేనల్లుడు మా ఇంటికి వచ్చి నా పక్కనే కూర్చుని ఆడిన మ్యాచ్ నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండో సగంలో మాది కాపలా వైపు. ముందున్న రెండు దారులనూ పొగతో మూసి, వెనక దారిని నేనొక్కణ్నే కాశాను. అవతలివారు రౌండు తర్వాత రౌండు ఆ మలుపు దాకా వచ్చి, నేను పేల్చిన రెండు తూటాల చప్పుడు విని వెనుదిరిగి, మా నలుగురూ కాచుకుని ఉన్న చోటికే పోయి పడ్డారు. 13–11తో గెలిచాం. మేనల్లుడికి 24 కిల్స్, నాకు 6. పట్టికలో నాది ఐదో పేరు, ర్యాంకులో కలిసిన పాయింట్లు వాడికి వచ్చినవాటిలో సగం కూడా లేవు. "నువ్వు ఆ దారి కాయకపోయుంటే ఎప్పుడో ఓడిపోయుంటాం మామా, ఈ ఆటకు ఆ సంగతి తెల్దు" అని వాడే అన్నాడు.

క్రికెట్‌లోనూ ఒక ఎండ్‌లో కట్టడి చేసేవాడు ఒకడైతే, రెండో ఎండ్‌లో వికెట్లు దక్కేది ఇంకొకడికి. అయితే అక్కడ స్కోరు పుస్తకంలో మెయిడెన్లకు ఒక గడి అయినా ఉంటుంది.

ఉక్రోషంతో ఆ తర్వాత 40 మ్యాచ్‌లు స్కోరు కోసమే ఆడాను. కాపలా వదిలి ముందుకు పరుగెత్తాను, స్మోక్ నా దారికి మాత్రమే వేసుకున్నాను, తోటివారు సగం పడగొట్టినవారిని వెతికి కాల్చాను. నా పేరు పైకి వెళ్లింది. గెలిచినవి మాత్రం 16. అంతకుముందరి 40లో 22 గెలిచినట్టు నా నోటుపుస్తకంలో ఉంది. అంత చిన్న లెక్కతో ఏదీ రుజువు కాదని నేనే ఒప్పుకోవాలి.

ఎందుకంటే జట్టు ఆటలో ఒక మనిషి సత్తాను గెలుపోటములతో మాత్రమే పట్టుకోవడానికి చాలా ఆటలు కావాలి. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే స్వీకరించిన, ఆటగాడి సత్తాను ఒక అంకెలో చెప్పే ఈలో రేటింగు చదరంగంలో ఇద్దరి మధ్య ఆటకు పుట్టింది. అక్కడ ఫలితమంతా ఆ ఇద్దరిదే. నలుగురు కలిసి గెలిస్తే, ఆ ఒక్క ఫలితం నుంచే నలుగురి గురించీ ఊహించాలి. ఒకరి సత్తా తేలడానికి ముఖాముఖి ఆటలో సుమారు 12 మ్యాచ్‌లు చాలితే, నలుగురేసి ఉన్న రెండు జట్ల ఆటలో 46, ఎనిమిది మందేసి ఉంటే 91 కావాలని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వారు, ఆన్‌లైన్ ఆటల్లో ఆటగాళ్ల సత్తాను లెక్కగట్టే తమ ట్రూస్కిల్ పద్ధతికి లెక్క చెప్పారు. డ్యూటీ దిగి వచ్చాక నాకు నెలకు 15 మ్యాచ్‌లు కుదిరితే గొప్ప. 46 అంటే మూడు నెలలు. ఈలోగా కొత్తవాడు తనకు సరిపోని జట్లలో నలుగుతూనే ఉంటాడు. 2018లో వచ్చిన ట్రూస్కిల్ 2 ఒక్కొక్కరి కిల్స్‌నూ, మధ్యలో వదిలి వెళ్లే అలవాటునూ కూడా లెక్కలోకి తీసుకున్నది ఆ ఆలస్యాన్ని తగ్గించడానికే. కాబట్టి వ్యక్తిగత స్కోరు అసలే వద్దనడానికి నాకు నోరు రావడం లేదు. కాల్చినదానికి ఉన్న గడి కాచినదానికి లేకపోవడమే నా కడుపుమంట.

ఇప్పుడు మళ్లీ స్మోక్ పాత్రకే వచ్చాను. ఎనిమిది నెలలుగా ర్యాంకు కదలలేదు. ఎప్పుడూ కలిసి ఆడే ఐదుగురు ఉన్నవారికి ఈ బాధ అంతగా తగలదు, ఎవరేం చేశారో వారికే తెలుస్తుంది కనుక. అపరిచితులతో ఒంటరిగా ఆడుతూ వెనక నిలబడే నాబోటివారు మాత్రం ఆ స్కోరును చూసీ చూడనట్టు వదిలేయగలిగితేనే ఈ ఆట జోలికి వెళ్లాలి. చేతి వేగం ఉన్న ఇరవై ఏళ్లవారికి నా మాట వర్తించకపోవచ్చు. మా మేనల్లుడికైతే ఇప్పటికీ ఆ స్కోరు మీద ఏ ఫిర్యాదూ లేదు.