అరిజోనా గ్రీన్ టీ: బహిష్కరించేముందు డబ్బా తిప్పి చూడండి

చెర్రీ పూల బొమ్మతో పొడుగ్గా ఉండే ఈ డబ్బా అమెరికాలో ఏ గ్యాస్ స్టేషన్ ఫ్రిజ్ తెరిచినా కనిపిస్తుంది. 2010లో దీన్ని కొనొద్దని ట్విట్టర్‌లో కొందరు గోల చేశారు. ఆ ఏప్రిల్ 23న అరిజోనా గవర్నర్ జ్యాన్ బ్రూవర్ ఎస్‌బీ 1070 మీద సంతకం పెట్టారు. పోలీసులు వేరే కారణంతో ఆపిన మనిషి మీద దేశంలో అక్రమంగా ఉంటున్నాడన్న అనుమానం కలిగితే, అతని ఇమిగ్రేషన్ హోదా ఆరా తీయాలనే చట్టం అది. ఆ కోపం పాపం టీ మీద పడింది. ఈ టీ బ్రాండ్ పుట్టింది 1992లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో. ఎడారి రాష్ట్రంతో దీనికి ఉన్నదల్లా పేరు చుట్టరికమే.

ముందు రుచి సంగతి. జిన్సెంగ్, తేనె అని పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ తీపిలో ఎక్కువ భాగం మొక్కజొన్న సిరప్‌దే. అప్పటి 23 ఔన్సుల డబ్బా అంటే 680 మిల్లీలీటర్లు. చక్కెర లెక్క చాలాకాలం 8 ఔన్సులకే వేశారు: 17 గ్రాములు. డబ్బా మొత్తం ఒకరే తాగేస్తే సుమారు 50 గ్రాములు, అంటే పన్నెండు చెంచాలు. గ్రీన్ టీ కదా, ఒంటికి మంచిదని తాగేవాళ్లు ఇక్కడే మోసపోతారు. సగం గ్లాసు ఐసు మీద పోసి నిమ్మకాయ పిండితే తీపి కాస్త అణుగుతుంది. డబ్బా మీద అచ్చేసిన 99 సెంట్ల ధరకు 5కి 3 ఇవ్వొచ్చు. బహిష్కరణ సరుకుగా మాత్రం సున్నా.

నిజంగా ఆ రాష్ట్రం సరుకే మానాలనుకుంటే పేరు కాదు, వెనక సన్నక్షరాల్లో ఉండే చిరునామా చూడాలి. అదీ సగం నిజమే చెబుతుంది. డయల్ సబ్బు కంపెనీ అప్పట్లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో ఉండేది, యజమాని మాత్రం జర్మనీ హెంకెల్. బెస్ట్ వెస్టర్న్ ప్రధాన కార్యాలయం ఫీనిక్స్‌లో ఉంది, కానీ ఒక్కో హోటల్‌కు ఒక్కో సొంతదారు. కాలిఫోర్నియాలో గది రద్దు చేస్తే నష్టపోయేది అక్కడి యజమాని. అమెరికా మోటళ్లు ఎందరు గుజరాతీ పటేళ్ల చేతుల్లో ఉన్నాయో తెలిసిందే, అంటే ఆ దెబ్బ మరో వలస కుటుంబానికే తగలొచ్చు.

గట్టిగా తగిలింది సమావేశాల రద్దు. అరిజోనాలోని టూసాన్ నుంచి అప్పటి అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు రౌల్ గ్రిహాల్వా అడిగిందీ అదే: మీ సదస్సులు మా రాష్ట్రంలో పెట్టకండి అని. ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం స్కాట్స్‌డేల్‌లో పెట్టుకున్న సదస్సును అక్కణ్నుంచి తీసేసింది. ఇలాంటి రద్దుల వల్ల 14.1 కోట్ల డాలర్ల ఖర్చు రాష్ట్రానికి రాకుండా పోయిందని సెంటర్ ఫర్ అమెరికన్ ప్రోగ్రెస్ అదే ఏడాది అంచనా కట్టింది. అది బహిష్కరణ వైపు మొగ్గున్న సంస్థ, కాబట్టి అంకెను కొంచెం తగ్గించి చదువుకోవచ్చు. చిక్కేమిటంటే, హోటల్ ఖాళీ అయితే ముందు పని పోయేది గదులు ఊడ్చేవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు. వాళ్లలో చాలామంది ఆ చట్టానికి భయపడినవాళ్లే. చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను జులైలో ఫెడరల్ జడ్జి ఆపేశాక గ్రిహాల్వా తన పిలుపు వెనక్కి తీసుకున్నారు.

లాస్ ఏంజెలెస్ నగర మండలి అదే ఏడాది మే 12న 13-1 ఓట్లతో అరిజోనా బహిష్కరణ తీర్మానం చేసింది. వారం తిరక్కుండా అరిజోనా విద్యుత్ నియంత్రణ కమిషన్ సభ్యుడు గ్యారీ పియర్స్ నుంచి ఉత్తరం వచ్చింది: మీ కరెంటులో దాదాపు 25 శాతం మా ప్లాంట్లదే, వద్దంటే చెప్పండి, ఒప్పందాలు మార్చుకోవడానికి సాయం చేస్తాం అని. వద్దని నగరం అనలేదు.