బైబిలు ఒక్కటే చాలా, విశ్వాస ప్రమాణమా, పది అంశాల పట్టికా: సంఘానికి ఏది మేలు?

కొత్తగా మొదలైన ఒక సంఘంలో, సభ్యులుగా చేరేవాళ్లు చదివి సంతకం పెట్టడానికి ఒక కాగితం కావలసి వచ్చింది. "ఈ సంఘం ఏమి నమ్ముతుంది" అన్నది అందులో ఉండాలి. ఆ పనికి నలుగురం కూర్చున్నాం. మొదటి సాయంత్రానికే నాలుగు దారులయ్యాం. "చేతిలో బైబిలు ఉండగా ఇంకో కాగితం దేనికి బ్రదర్?" అన్నారు ఒకరు. ఇంకొకరు, ఆరాధనలో అందరూ కలిసి పలికే పాత నమ్మకాల ప్రకటన, అపొస్తలుల విశ్వాస ప్రమాణం చాలన్నారు. వయసులో పెద్దాయన, ఇంగ్లండులో పదిహేడో శతాబ్దంలో రాసిన పెద్ద సిద్ధాంత పత్రం, వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ఒప్పుకోలు తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను, చాలా ఇవాంజెలికల్ సంఘాల్లో (బైబిలు అధికారాన్నీ వ్యక్తిగత మారుమనస్సునూ ముఖ్యమనే సంఘాలు) కనిపించే, ముఖ్య నమ్మకాల పది అంశాల పట్టిక వైపు ఉన్నాను. తేలడానికి మూడు నెలలు పట్టింది. ఈలోగా నా అభిప్రాయం కూడా కొంత మారింది.

"బైబిలు చాలు" అన్న మాట ఇవాంజెలికల్ చెవికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కాదనబుద్ధి కాదు. కానీ యెహోవాసాక్షులు కూడా బైబిలే తమ ఆధారమంటారు, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధను) మాత్రం ఒప్పుకోరు. నాలుగో శతాబ్దంలో అరియస్ అనే బోధకుడి పక్షంవాళ్లు, కుమారుడైన క్రీస్తు సృష్టించబడినవాడేనని వాదిస్తూ సామెతలు 8వ అధ్యాయాన్ని తీసి చూపించారు. అంటే బైబిలును ఒప్పుకుంటారా అని అడిగితే సరిపోదు, అందులో ఏముందని చదువుతున్నారో కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పిన క్షణాన మీరు విశ్వాస ప్రమాణం ఒకటి రాసేసినట్టే.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికాలో థామస్ క్యాంప్‌బెల్, ఆయన కొడుకు అలెగ్జాండర్, బార్టన్ స్టోన్ ఈ "బైబిలు చాలు" అన్న బాటే పట్టారు. మనుషులు రాసిన ప్రమాణాలే చీలికలకు కారణమని, వాటిని పక్కన పెడితే సంఘాలన్నీ ఒకటవుతాయని వాళ్ల ఆశ. 1906 నాటి అమెరికా ప్రభుత్వ మత గణన వచ్చేసరికి ఆ ఉద్యమమే రెండుగా లెక్కకెక్కింది. ఆరాధనలో వాయిద్యాలు వాయించవచ్చా, మిషనరీ సొసైటీలు పెట్టుకోవచ్చా అన్నవి ఆ గొడవల్లో ముఖ్యమైనవి. నేను గమనించింది ఇంకొకటి ఉంది. కాగితం లేని సంఘంలో కూడా నమ్మకాల పట్టిక ఉంటుంది. కాకపోతే అది పాస్టర్ గారి తలలో ఉంటుంది. మీరు దానికి తగిలి దెబ్బ తిన్నాకగానీ అక్కడ ఉందని తెలియదు. "రక్షణ పోగొట్టుకోవచ్చా?" అని బైబిల్ స్టడీలో అమాయకంగా అడిగి, మరుసటి వారం నుంచి పలకరింపులు తగ్గిపోయిన ఒక తమ్ముడు నాకు తెలుసు.

ఇక పాత విశ్వాస ప్రమాణాలు. అపొస్తలుల విశ్వాస ప్రమాణం చిన్నది, పిల్లలకు కూడా కంఠతా వస్తుంది. ప్రతివారం ఒక రోమా అధికారి పేరు పలికిస్తుంది చూడండి, "పొంతి పిలాతు కాలమందు" అని! ఇది కథ కాదు, ఫలానా కాలంలో జరిగిన సంగతి అని విశ్వాసిచేత చెప్పించడానికి అంతకంటే తేలిక మార్గం నాకు తోచదు. నైసియ ప్రమాణం 325లో పుట్టి 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ఇప్పటి రూపానికి దగ్గరగా వచ్చింది. కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని అది చెప్పినంత గట్టిగా మన పది అంశాల పట్టికలు చెప్పవు.

అయితే ఏ ప్రమాణమైనా తన కాలంలో నడిచిన గొడవకు జవాబు. నాలుగో శతాబ్దంలో, క్రీస్తు ఎవరన్నది ప్రశ్న. పాపి దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎలా తీర్చబడతాడన్న తగవు పదహారో శతాబ్దంలో పెద్దదైంది. అందుకే ఈ రెండు ప్రమాణాల్లోనూ పాపక్షమాపణ ఉంది గానీ, "క్రియల మూలంగా కాదు, విశ్వాసం ద్వారానే" అన్నది లేదు. ప్రవక్తల ద్వారా ఆత్మ మాట్లాడాడని నైసియ ప్రమాణం అంటుంది. సంఘం నిర్ణయాలకూ లేఖనానికీ తేడా వస్తే ఎవరి మాట చెల్లాలో అది చెప్పదు. కొత్త జన్మ మాట కూడా విడిగా ఎత్తదు. రోమన్ కాథలిక్కులూ మనమూ అపొస్తలుల ప్రమాణాన్ని కలిసి పలకగలగడం నాకు సంతోషమే. కాకపోతే ఆ ఒక్కటే పెట్టుకుంటే, ఇవాంజెలికల్ సంఘంగా మనం ఎందుకు వేరుగా కూడుకుంటున్నామో చెప్పకుండా దాటేసినట్టవుతుంది.

వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోలు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దాని బలమూ బలహీనతా ఒకటే: అన్నీ ఉంటాయి. 1646లో పూర్తయింది, 33 అధ్యాయాలు. మొదటిదే లేఖనం గురించి. 1689 నాటి బాప్టిస్టు ఒప్పుకోలు చాలావరకు దీన్నే అనుసరించి, బాప్తిస్మం, సంఘ పాలన దగ్గర దారి మార్చింది. బోధించేవాడికి ఇది బంగారం. నిన్న మారుమనస్సు పొంది ఇవాళ సంఘానికి వచ్చినవాడి చేతిలో పెట్టి, దేవుని నిత్య సంకల్పం గురించిన మూడో అధ్యాయం ఒప్పుకుంటే సంతకం పెట్టమనడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది. పైగా అన్నీ రాస్తే, తర్వాత కొన్ని కొట్టేయాల్సి వస్తుంది. పోపే క్రీస్తువిరోధి అన్న మాట మూల ప్రతిలో ఉంటే, ఈ ఒప్పుకోలును పాటించే కొన్ని ప్రెస్బిటేరియన్ సంఘాలు తర్వాత దాన్ని తీసేశాయి.

మిగిలింది పట్టిక. 1846లో లండన్‌లో ఇవాంజెలికల్ అలయన్స్ ఏర్పడినప్పుడు తొమ్మిది అంశాలతో సరిపెట్టుకున్నారు. లేఖనాధికారం, త్రిత్వం, మనిషి పతనం, క్రీస్తు ప్రాయశ్చిత్తం, విశ్వాసం ద్వారానే నీతి, ఆత్మ కార్యం, చివరి తీర్పు వంటివి. బాప్తిస్మం, ప్రభువు బల్ల ఉండాలన్నారు. బాప్తిస్మం ఎలా, ఏ వయసులో అన్నది వదిలేశారు. దాంతో పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే ఆంగ్లికన్లూ, ఇవ్వని బాప్టిస్టులూ పక్కపక్కన నిలబడగలిగారు. ఇదే నన్ను ఆకట్టుకుంది.

చిక్కేమిటంటే, పట్టిక పొట్టిది కాబట్టి ప్రతి మాటా బరువు మోయాలి. లేఖనం "ప్రేరేపితం" అంటే ఒకటి, "దోషం లేనిది" అంటే ఇంకొకటి. ఇవాంజెలికల్ నాయకుల అంతర్జాతీయ సభ నుంచి వచ్చిన 1974 లాసాన్ ఒడంబడిక, లేఖనం ధ్రువపరిచే అన్నిటిలో దోషం లేదన్నది. ఆ "ధ్రువపరిచే" అన్న మాటను ఎంతవరకు సాగదీయవచ్చన్న వాదన ఆగలేదు. 1978లో షికాగో ప్రకటన ఆ ఒక్క విషయాన్ని విడమరచడానికి 19 అంశాలు రాసింది!

ఏది పట్టికలో చేరాలన్నది ఇంకా పెద్ద చిక్కు. అమెరికాలోని ఇవాంజెలికల్ ఫ్రీ చర్చి 1950లో ఏర్పడినప్పుడు, క్రీస్తు రాకడ, ఆయన భూమి మీద ఏలే వెయ్యేళ్ల పాలనకు ముందే అన్నది తన విశ్వాస ప్రకటనలో పెట్టుకుంది. బాప్తిస్మం విధానం మీద సభ్యుల మనస్సాక్షికే వదిలేసిన సంఘం, వెయ్యేళ్ల క్రమం మీద మాత్రం పట్టుబట్టిందన్నమాట. 2019లో ఓటు వేసి ఆ మాట తీసేసి, ఆయన రాకడ "మహిమగలది" అని మార్చుకుంది. రాకడను నమ్మడం వేరు, రాకడ క్యాలెండరును నమ్మడం వేరు. ఈ తేడా ఒప్పుకోవడానికి వాళ్లకు 69 ఏళ్లు పట్టింది.

మా చిత్తుప్రతిలోనూ అలాంటి అంశం ఒకటి దూరింది, "ముంచడం ద్వారా ఇచ్చినదే బాప్తిస్మం" అని. రాసింది నేనే. చిన్నప్పుడు నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చిన ఒక అమ్మగారు అది చదివి, "అయితే నేను ఇంతకాలం ఎవరి బిడ్డను నాయనా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆ అంశాన్ని తీసి "మా సంఘం పాటించే పద్ధతి" అని వేరే పేజీలో వేశాం. మేము ఎలా ఇస్తామో అక్కడ ఉంటుంది, ఎవరు దేవుని బిడ్డలన్నది అక్కడ ఉండదు.

కాబట్టి నా లెక్క ఇది. సభ్యులకు పది అంశాలకు మించని పట్టిక మేలు. బోధించేవాళ్లకూ పెద్దలకూ అది చాలదు, వాళ్లు 1689 ఒప్పుకోలు లాంటి పెద్దదాన్ని చదివి, ఎక్కడ ఒప్పుకోరో రాసివ్వాలి. అపొస్తలుల ప్రమాణాన్ని సంతకానికి కాక ఆరాధనకు ఉంచాలి, అందరూ గొంతెత్తి పలకడానికి. మొదట్లో నేను పట్టిక ఒక్కటే అందరికీ సరిపోతుందనుకున్నాను. పెద్దాయనే నా మనసు మార్చారు.

"బైబిలు చాలు" అన్న బ్రదర్‌ను ఒప్పించింది మాత్రం మా వాదనలు కావు. స్కాట్లాండ్ సంఘం 1560 నాటి విశ్వాస పత్రం, స్కాట్స్ ఒప్పుకోలు ముందుమాటలో ఒక సంగతి ఉంది: ఇందులో ఏదైనా దేవుని వాక్యానికి విరుద్ధంగా కనబడితే రాతపూర్వకంగా తెలియజేయండి, లేఖనంతో జవాబిస్తాం లేదా దిద్దుకుంటాం అని. అలాంటి వాక్యమే మా కాగితం అడుగున రాస్తామన్నాం. ఆయన ఒకటికి రెండుసార్లు చదివి, అడుగున వద్దు, మొదటి లైనుగా పెట్టండి అన్నారు. పెట్టాం. అప్పుడు పెన్ను అడిగారు.