మిద్దె గదిలో సెస్నా: నాలుగేళ్లు వాడాక

తిరుపతి కొర్లగుంటలో, మా ఇంటి మిద్దె మీది గదిలో, కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట (ఫ్లైట్ సిమ్యులేటర్) కోసం, సెస్నా 172 అనే చిన్న విమానం కాక్‌పిట్ నమూనా కట్టుకుని నాలుగేళ్లు దాటింది. వారానికి నాలుగైదు సార్లు, కూర్చుంటే గంటకు తగ్గకుండా వాడుతున్నాను. కట్టుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

చట్రం 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. సీటు పాత సామాన్ల అంగట్లో దొరికిన మారుతి 800ది. ఈ రెండింటికీ ఇంతవరకు ఒక్క స్క్రూ మార్చలేదు. సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది కాబట్టే నేనూ, పన్నెండేళ్ల మా మేనల్లుడూ ఒకే కాక్‌పిట్‌లో సరిపోతున్నాం.

ఇబ్బందంతా రడ్డర్ పెడల్స్‌తోనే, అంటే విమానం ముక్కును కుడికీ ఎడమకూ తిప్పడానికి కాళ్లతో తొక్కేవాటితోనే వచ్చింది. చెక్కతో, తలుపు బందులతో నేనే చేసి, పెడల్ ఎంత కదిలిందో కంప్యూటర్‌కు చెప్పే పొటెన్షియోమీటర్ బిగించాను. ఎనిమిది నెలలు బాగా నడిచింది. తర్వాత రన్‌వే మీద పరుగు మొదలైతే చాలు, విమానం ముక్కు అటూ ఇటూ కొట్టుకునేది. థ్రాటిల్ (ఇంజన్ జోరు పెంచే మీట) పూర్తిగా ఇస్తే సెస్నా ఎడమకు లాగుతుంది, కుడి పెడల్ తొక్కి సరిచేయాలి. అందుకే చాలా రోజులు నా కాలిదే తప్పనుకున్నాను. చివరికి సెట్టింగ్స్‌లో అంకెలు చూస్తే, పెడల్ కదలకుండానే ఎగిరెగిరి పడుతున్నాయి! పొటెన్షియోమీటర్ లోపల కార్బన్ పట్టీని రాసుకుంటూ ఒక లోహపు ముక్క తిరుగుతుంది. పట్టీ అరిగినా, దుమ్ము చేరినా ఇదే గతి. ఎండాకాలం కిటికీ తెరవక తప్పని గదిలో దుమ్మును ఎట్లా ఆపేది? హాల్ సెన్సార్‌కు మారాను. అది అయస్కాంతం కదలికను తాకకుండానే పసిగడుతుంది కాబట్టి అరిగేదేమీ లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి ప్యాకెట్‌లో సగం పనిచేయలేదు, అమ్మినవాళ్లు డబ్బూ తిరిగివ్వలేదు. రెండోసారి తెచ్చినవి మాత్రం మూడేళ్లుగా అంకెలు ఎగరకుండా పనిచేస్తున్నాయి. ముందు డబ్బు పెట్టాల్సింది పెడల్స్ మీదే, స్క్రీన్ మీద కాదు.

స్క్రీన్‌ల విషయంలో నేను చేసింది వృథా ఖర్చు. మూడు మానిటర్లు పెడితే గ్రాఫిక్స్ కార్డు మోయలేకపోయింది, గది కొలిమిలా అయింది. ఇప్పుడు ఒకే 43 అంగుళాల టీవీ, తల తిప్పితే చూపు తిరిగేలా వెబ్‌క్యామ్‌తో ఓపెన్‌ట్రాక్ అనే సాఫ్ట్‌వేర్. అది ఉచితం.

స్విచ్‌లన్నీ ఆర్డుయినో మెగా అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద, దాన్ని సిమ్యులేటర్‌తో కలిపే మోబీఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయి. కోడ్ రాయనక్కర్లేదు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే పలకలు) లివర్‌కు 10, 20, 30 డిగ్రీల దగ్గర చెక్కలో గాట్లు కోయించాను. ఇప్పుడు చూడకుండానే చేయి అక్కడికి పోతుంది. కీబోర్డుతో ఎన్నేళ్లు ఆడినా ఇది రాలేదు.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ నేల చిత్రాలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ నెమ్మదిస్తే మన శేషాచలం కొండలు ముద్దలా కనిపిస్తాయి. ల్యాండింగ్ సాధనకు ఎక్స్‌ప్లేన్ 12 అనే మరో సిమ్యులేటర్ వాడతాను, నెట్ లేకున్నా నడుస్తుంది. కరెంటు పోతే మాత్రం రెండూ ఒకటే, యూపీఎస్ తప్పనిసరి.

నెట్ బాగున్న రాత్రి రేణిగుంట విమానాశ్రయంలో 26వ రన్‌వేకి దిగుతుంటే పక్కన కూర్చున్న మేనల్లుడు, "మామా, కొండ కుడిపక్క కనపడతా ఉండాది, స్పీడు 65 సరిగ్గా ఉంది" అంటాడు. ఆ మాట కోసమే ఇంత పనీ చేశాననిపిస్తుంది.

ట్రిమ్ చక్రం, అంటే పట్టుకోకుండానే ముక్కు ఒకే ఎత్తులో నిలిచేలా సరిచేసేది, ఇంకా కుదరలేదు. దానికి పెట్టిన రోటరీ ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో లెక్కపెట్టే భాగం) చుట్టుకు 20 క్లిక్కులే ఇస్తుంది, ముక్కు మెట్లు మెట్లుగా కదులుతోంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎన్‌కోడర్ నాలుగు చుట్లు తిరిగేలా ఈ నెలలో పళ్ల బెల్టు వేస్తున్నాను.